స్త్రీపర్వము లేని యుద్ధము

బాలురాడుకొను ఆటను విమర్శకు తగిన వస్తువుగా నెంచుట పాడియా యని చదువరులలో కొందరు సందేహింపవచ్చును. ఆ సందేహము మాకును కలిగినదే. అది తీరిన విధము మాకు కొంచెము సిగ్గు కలిగించునదైనను దాచక చెప్పుట న్యాయము.

గడచిన సంవత్సరము మేము పనిచేయు పాఠశాలలో తల్లిదండ్రుల సభ జరిగెను. వీడియో గేములు బాలుర కాలమును మ్రింగు భూతములనియు, అందును యుద్ధక్రీడలు లేత హృదయములను బండబారజేయుననియు మేము అరగంటకు తక్కువ గాకుండ ప్రసంగించితిమి. చప్పట్లు మ్రోగినవి. ఇంటికి వచ్చు త్రోవలో, పదవ తరగతి చదువుచున్న మా మేనల్లుడు, "మామా, నువ్వు ఒక్క ఆటనన్నా చూసినావా?" అని యడిగెను. మేము చూచి యుండలేదు. చదువని గ్రంథమును దూషించువాడు విమర్శకుడు కాడని తరగతిలో పలుమారు బోధించిన నోటితోనే చూడని యాటను దూషించి వచ్చితిమి. ఆ ప్రశ్నకు ప్రత్యుత్తరముగానే యీ వ్యాసము.

దీనికి తోడు మా చెల్లెలికొక తీర్పు కావలసి యుండెను. మా బావగారు కొన్ని సంవత్సరములు జపానులో ఉద్యోగము చేసి వచ్చిరి. వచ్చునపుడు పాత ప్లేస్టేషన్ యంత్రమును, దానితో కొన్ని డిస్కులను తెచ్చిరి. తండ్రికి ముచ్చటైన యా యంత్రము కుమారునికి వ్యసనమగుచున్నదని మా చెల్లెలి భయము. "అన్నా, దాన్ని ఉంచమంటావా, అమ్మేయమంటావా? నువ్వేది చెబితే అదే" అని తీర్పు భారమును మా నెత్తిన బెట్టినది. అందుచేత మూడు మాసముల పాటు ఆదివారములందు, వెంకటాచలములోని వారి యింటి ముందుగదిలో మేనల్లుని ప్రక్కన కూర్చుండి, వాడాడు క్రీడను మొదటినుండి చూచితిమి. కొంత మేమును ఆడితిమి. దానిలోని వ్రాతయంతయు జపాను భాష. బావగారు అర్థము చెప్పగా పిల్లవాడు వ్రాసికొన్న నోటుపుస్తక మొకటి మాకు నిఘంటువయ్యెను.

ఈ క్రీడ పేరు "గిరెన్ నో యాబో: జియోన్ నో కెయిఫు". గిరెన్ దురాకాంక్ష, జియోను వంశక్రమము అని దాని యర్థము. బాండాయి సంస్థ దీనిని 2000 సంవత్సరములో ప్రకటించినది. ఇదే పేరిటి మొదటి క్రీడ 1998 లో సేగా సాటర్న్ అను యంత్రమునకు వెలువడినది. క్రీడకు మూలము అనిమే కథ. అనిమే యనగా జపానువారి చలనచిత్రలేఖన కళ. యూగో సాకో, రామ్ మోహన్ మున్నగువారు కలిసి 1992 లో చిత్రించిన రామాయణము 2025 జనవరిలో తెలుగు మాటలతో మన సినిమాహాళ్లకు వచ్చినది గనుక, ఆ కళ యెట్టిదో మన గృహములవారికి క్రొత్తగా చెప్పనక్కరలేదు.

ఇక మూలకథ. దాని పేరు "మొబైల్ సూట్ గుండమ్". యొషియుకి తొమినో దర్శకత్వమున 1979 ఏప్రిలులో జపాను టెలివిజనులో ప్రారంభమై 1980 జనవరిలో ముగిసినది. చూచువారు తక్కువైనందున అనుకొన్నదానికంటె ముందుగానే 43 భాగములతో నిలిపివేసిరి. నిలిపిన పిమ్మట 1980 లో బాండాయివారు అందలి యంత్రయోధుల బొమ్మలను, విడిభాగములను జోడించి నిలుపుకొనునట్లుగా అమ్మసాగిరి. 1981, 82 సంవత్సరములలో కథను మూడు సినిమాలుగా కూర్చిరి. అప్పుడు గాని దాని విలువ దేశమునకు తెలియలేదు. మంచి గ్రంథము మొదటి కూర్పున అటుక మీద పడియుండుట మన దేశమునందును వింత కాదు గదా!

కథాకాలము రాబోవు యుగము. భూమిపై జనులు కిక్కిరిసి, అనేకులు ఆకాశములో కట్టిన బ్రహ్మాండమైన గొట్టములవంటి నగరములలో కాపురముందురు. ఇది వట్టి కట్టుకథ కాదు. 1970 దశకములో అమెరికా భౌతికశాస్త్రజ్ఞుడు జెరార్డ్ ఒనీల్ ప్రతిపాదించిన నమూనా. శ్రీహరికోటనుండి లేచు రాకెట్లను మిద్దెలెక్కి చూచు మా ప్రాంతపు పిల్లలకు ఇట్టి కల్పన దూరముగా తోచదు. ఆ నగరములలో జియోను అనునది స్వతంత్రము ప్రకటించుకొని భూమండల ప్రభుత్వముపై దండెత్తును. ఒక ఆకాశనగరమునే భూమిపై పడద్రోయుదురు. అది ఆస్ట్రేలియా ఖండముపై పడగా సిడ్నీ పట్టణము రూపుమాయును. యుద్ధారంభమునందే మానవజాతిలో సగము నశించినదని కథ చెప్పును.

జియోను నేలువారు జాబీ వంశమువారు. ముదుసలి తండ్రి దెగిన్ పేరునకు ప్రభువు. అధికారమంతయు పెద్దకొడుకు గిరెన్ చేతిలోనిది. ఈ తండ్రీకొడుకులను చూచునపుడు నెల్లూరుసీమవారికి ధృతరాష్ట్ర దుర్యోధనులు జ్ఞప్తికి రాకపోరు. కొడుకు త్రోవ హిట్లరు త్రోవయని ముఖము మీదనే చెప్పగల తెలివి దెగిన్‌కు కలదు. ఆపగల శక్తి లేదు. చిన్నకొడుకు గార్మా యుద్ధములో చచ్చినపుడు ఇంటివారి నడుమ నిశ్శబ్దముగా అంత్యక్రియలు జరుపవలెనని తండ్రి కోరును. గిరెన్ దానిని రాజ్యోత్సవముగా మార్చి, తమ్ముని శవమును ఉపన్యాసవేదికగా చేసికొనును. జియోను బలము శత్రువు బలములో ముప్పదియవ వంతు కూడ లేదని యొప్పుకొనుచునే ప్రజలను యుద్ధమునకు రెచ్చగొట్టును. తుదకు సంధి మాటలాడబోయిన తండ్రిని తన యాయుధముతోనే గిరెన్ దహించును. ఆ పాపమునకు చెల్లెలు కిసిలియా అన్నను తుపాకితో కాల్చి చంపును. ధృతరాష్ట్రుడు కొడుకులు చచ్చిన పిదప బ్రతికి యేడ్చెను. దెగిన్‌కు ఆ భాగ్యము సహితము లేదు.

ఇట్టి కథను ఆటగా మలచినవారు ఆటగాని నెక్కడ కూర్చుండబెట్టిరో అదియే విమర్శకు మూలము. మూలకథను మనము అమురో అను పదునైదేండ్ల బాలుని కన్నులతో చూతుము. ఆ బాలుడు యుద్ధము కోరినవాడు కాడు. తనయూరు కాలుచుండగా దొరికిన యంత్రము నెక్కినవాడు. క్రీడయందో, మనము గిరెన్ పీఠముపై గాని, ప్రతిపక్ష సేనాని రెవిల్ పీఠముపై గాని కూర్చుందుము. భూమియు అంతరిక్షమును ఆరుమూలల గడులుగా విభక్తములై యుండును. ఒకరి వంతు ముగిసిన పిదప మరియొకరి వంతు. తన వంతునందు దళములను నడిపింపవలెను, యంత్రములను చేయింపవలెను, పరిశోధనకు ధనము కేటాయింపవలెను, శత్రువుల రహస్యములను రాబట్టవలెను.

చతురంగము పుట్టిన దేశమువారికి ఇది తెలియని విద్య గాదు. అయినను దీనికి దగ్గరి చుట్టము చతురంగము కాదు, మన పులిజూదము. చతురంగములో ఇరువురి సేనలు సమానములు. పులిజూదములో ఒకరికి మూడు పులులు, ఇంకొకరికి పదునైదు మేకలు. పులి దూకి చంపును. మేకలు గుంపుగూడి త్రోవలు మూసి పులిని కట్టును. దేవాలయపు రాతిబండల మీద మన పెద్దలు గీసికొన్న యా గీతలలోని నీతియే ఇక్కడను కలదు. జియోనుకు ఆరంభమునుండి యంత్రయోధులు కలరు, ధనధాన్యములు చాలవు. భూప్రభుత్వమునకు మొదట పాత టాంకులును విమానములును మాత్రమే. కాని గనులును జనమును విస్తారము. జియోనువాడు త్వరపడవలెను, రెండవవాడు ఓర్చుకొనవలెను. మా మేనల్లుడు పులివాడు, మేము మేకలవారము. నాలుగు ఆదివారములు వరుసగా భూమి నంతయు పోగొట్టుకొని, అయిదవనాడు గాని ఓర్పు విలువ గ్రహింపలేకపోతిమి.

క్రీడ గుణములను ముందుగా చెప్పెదము. మొదటిది, యుద్ధమనగా శౌర్యము కాదు, జమాఖర్చు అని యిది నిర్మొగమోటముగా చూపును. ఎంతటి వీరుడైనను ఇంధనము చాలనిచో నడిగడిలో నిలిచిపోవును. ఒడెస్సా గనులు చేజారిన జియోనువాడు ఎన్ని యుపన్యాసములిచ్చినను ప్రయోజనము లేదు. మన సినిమాలలో ఒక్కడు నూర్గురిని కొట్టుట చూచి పెరుగుచున్న బాలునికి ఈ పాఠము మేలుచేయును.

రెండవది, ఒకేయుద్ధమును ఇరుపక్షముల పీఠములనుండి చూడవచ్చును. నిన్నటి శత్రువు నేడు మనమే. శత్రువునకును ఆకలి కలదు, భయము కలదు, న్యాయమను పేర అతడు చెప్పుకొనునది యొకటి కలదు అని తెలిసికొనుట చరిత్ర పాఠములలో మేమెంతో శ్రమపడి నేర్పజూచు విషయము.

మూడవది, వంతుల క్రీడ గనుక ఆలోచించుటకు వ్యవధి యుండును. తొందరపెట్టు గడియారము లేదు. పిల్లవాడు ఒక్కొక్క యెత్తునకు ముందు నోటుపుస్తకములో లెక్క వేసికొనుట చూచి, గణితములో మేమిచ్చిన ఇంటిపని యిట్లు చేసిన దినమొకటి యున్నదా యని నవ్వుకొంటిమి. సభలో మేము వర్ణించిన భూతము ఇంత నెమ్మదిగా కూర్చుండి కూడికలు చేయునని మేమెరుగము.

నాలుగవ గుణము సూక్ష్మమైనది. కథలో చచ్చినవారు క్రీడలో బ్రతుకవచ్చును. గార్మాను మృత్యువునుండి తప్పించినచో, ఉత్తరభాగమున అతడు అన్నకు వేరుగా తన పక్షము నేర్పరచి నాయకుడగు మార్గము సహితము దీనిలో కలదు. దైవము గొప్పదా, పురుషకారము గొప్పదా యని శాస్త్రములలో జరిగిన వాదమును ఈ క్రీడ పురుషకారము పక్షముననే తీర్చినది. నుదుటివ్రాత యని చేతులు ముడుచుకొను అలవాటు మన యిండ్లలో నింకను పోలేదు. జరిగినది మరియొక విధముగా జరిగి యుండవచ్చుననియు, అది మన పూనికపై నాధారపడి యున్నదనియు బాలునికి తోచుట మేలే.

ఇన్ని గుణములు చెప్పిన పిమ్మట దోషము చెప్పవలెను. అది చిన్నదికాదు.

జియోను పక్షమున క్రీడ ప్రారంభమగునప్పటికే ఆకాశనగరము భూమిపై పడినది. మానవజాతిలో సగము చచ్చినది. ఆటగాని మొదటి యెత్తు ఆ శవముల మీదనే మొదలగును. కాని పటముపై శవములు లేవు. ఉత్తర అమెరికా యను దేశము కొన్ని గడులు. దానిని పట్టిన, వంతు వంతునకు ఇంత ధనము, ఇంత లోహము. కథలోని ప్రసిద్ధ ఘట్టములను కదలు బొమ్మలుగా నడుమ నడుమ చూపుదురు, అవి మనోహరములే. అవి ముగియగానే మరల లెక్కలు. పేరుగల వీరుల ముఖములు తెరపై కనబడును. పేరులేని సిపాయి ముఖము లేనివాడు. దళము చెడిన, మరియొక దళమును చేయించుటకు ధనమున్నదా లేదా యనునదియే ప్రశ్న.

వ్యాసుని భారతములో ఉద్యోగపర్వము కలదు. ధృతరాష్ట్రుని నిద్రలేమి, విదురుని నీతి, కృష్ణుని రాయబారము, ఇరుపక్షముల సేనల లెక్క అందున్నవి. ఆ పిదప యుద్ధపర్వములు. అంతటితో ముగించి యుండిన అది గొప్ప యుద్ధగ్రంథము మాత్రమే యగును. పదునొకండవది స్త్రీపర్వము. ఏడ్చుచు స్త్రీలు రణభూమికి వత్తురు. గాంధారి ఒక్కొక్క శవమును చూపి, గెలిపించినవానినే నిలదీసి శపించును. లెక్కలో అక్షౌహిణులుగా పోయినవారు అచ్చట కొడుకులుగా, మగలుగా తిరిగి వత్తురు. మా నెల్లూరి తిక్కన సోమయాజి తెలుగుచేసిన పదునైదు పర్వములలో ఈ రెండును కలవు. సభాపర్వము వరకును, అరణ్యపర్వములో కొంతవరకును నన్నయ చేసినది తిక్కన మరల చేయలేదు. యుద్ధము, యుద్ధము తరువాతి యేడ్పు మాత్రము రెండును ఆయన చేతిమీదుగనే మనకు వచ్చినవి. ప్రాచీన తెలుగు అధ్యయన కేంద్రము మైసూరునుండి తరలివచ్చి 2020 లో వెంకటాచలముననే ఆరంభమైనది. ఆ త్రోవన పోవునపుడెల్ల మాకు తోచునదేమనగా, మన ప్రాచీనులనుండి నేర్వదగినవానిలో ఈ కూర్పు మొదటిది: ఉద్యోగపర్వము చదివినవాడు స్త్రీపర్వము చదువక గ్రంథము మూయరాదు.

"గుండమ్" కథ కర్తలు ఈ ధర్మమెరిగినవారు. వారి కథలో స్త్రీపర్వము వేరుగా లేక ప్రతి భాగమునందును కొంచెము కొంచెము కలిసియున్నది. మొదటి భాగముననే ఫ్రౌ బౌ అను బాలిక తల్లి చచ్చును. క్రీడ కర్తలు ఆ కథనుండి సేనలను తెచ్చుకొనిరి, గనులను తెచ్చుకొనిరి, ఏడ్పును మాత్రము పటము వెలుపల విడిచిరి. కావున క్రీడ స్త్రీపర్వము లేని భారతమైనది.

ఈ మాట మేము పుస్తకపాండిత్యముతో కనుగొన్నది కాదు. పిల్లవాడు క్రీడను మాత్రమే యెరిగి మూలకథను చూచి యుండలేదు. ఒకనాడు వాడు జియోను పక్షమున ఉత్తర అమెరికాను పట్టుచు, మూడు దళములు పోయినవని మేము చెప్పగా, "పోతే పోనీ మామా, చవక సరుకే" అనెను. మా చెల్లెలు వంటయింటినుండి మా వంక చూచిన చూపు మాకు తెలిసినది. ఆ తరువాతి ఆదివారము క్రీడ నాపి, బావగారి యొద్దనున్న మూలకథ ఎనిమిదవ భాగమును ముగ్గురము చూచితిమి. క్రింద వచ్చు ఇంగ్లీషు మాటలకు మేము తెలుగు చెప్పితిమి.

అందులో ఒక తల్లి, చిన్న కొడుకు, యుద్ధనౌకనుండి దిగి తమ యూరు వెదకికొనుచు బీడునేలను నడచి పోవుదురు. ఊరి పేరు సెంట్ ఆంజ్. వేగునకు వచ్చిన జియోను సిపాయి లిద్దరు వారిని చూచి జాలిపడి సామగ్రి యిత్తురు. శత్రువులే, అయినను యిత్తురు. ఊరెక్కడనో చెప్పుమని ఆమె యడుగును. ఆ యూరిపు డెక్కడను లేదు. ఉండిన చోటు ఇదియే యని సిపాయి చెప్పును. ఆమె కూలబడి యేడ్చును. చుట్టును మట్టి తప్ప మరేమియు లేదు.

మా చెల్లెలు చేటలోని బియ్యము అట్లే పెట్టుకొని కూర్చుండెను. కొంతసేపటికి, "ఆ సిపాయికి కూడా అమ్మ ఉంటుంది గదా" అని మాత్రమనెను.

మరుసటి ఆదివారము క్రీడ మరల సాగినది. పిల్లవాడు గుండె మారి ఆట విడిచెనని వ్రాసితిమేని చదువరులు సంతోషింతురు గాని అది యబద్ధము. వాడు విడువలేదు. ఉత్తర అమెరికా మీదికి దళమును నడుపబోవుచు చేయి యాపి, "మామా, సెంట్ ఆంజ్ ఈ గడిలో ఉండిందా, ఆ పక్క గడిలోనా?" అని యడిగెను. నోటుపుస్తకములో దానికి సమాధానము లేదు. క్రీడయందును లేదు. వాడు కొంతసేపు పటమును చూచి, తరువాత దళమును నడిపెను.

ఆ ప్రశ్న క్రీడలోనుండి పుట్టలేదు, కథలోనుండి పుట్టినది. కాని క్రీడ లేకున్న వాని చేయి ఆ గడిపై నుండెడిది కాదు. ఆ ప్రశ్న తనను గూర్చినదని వానికి తోచెడిది కాదు. కథ చూచి యేడ్చువాడు తాను నిర్దోషియని తలచును. ఆట యాడినవాడు దళమును పంపినది తన చేయియే యని యెరుగును. రెండింటిని కలిపి పుచ్చుకొన్నవానికి కలుగు జ్ఞానము ఒక్కొక్కదానివలన కలుగదు. సభలో మేము చెప్పినట్లు యుద్ధక్రీడ హృదయమును బండబార్చునను మాటలో కొంత సత్యము లేకపోలేదు. "చవక సరుకే" యను మాట మేము చెవులార వింటిమి. కాని దానికి మందు యంత్రమును పగులగొట్టుట కాదు. లేని పర్వమును తెచ్చి చేర్చుట.

చిన్న దోషములును కొన్ని కలవు. ప్రతిపక్షపు వంతు ముగియువరకు పెద్దలకు విసుగు పుట్టునంత సేపు వేచియుండవలెను. ఒక్క యుద్ధము తుదముట్టుటకు వారములు పట్టును. పరీక్షలు గల బాలునికి ఇది పనికిరాదు. జపాను భాష రానివారికి తోడు లేక సాగదు. పాత సరుకు గనుక అంగళ్లలో దొరకదు. బొమ్మలు నేటి క్రీడల బొమ్మల వలె కన్నులు మిరుమిట్లు గొలుపవు. మా మట్టుకు అదియు గుణమే.

మా చెల్లెలికి మేమిచ్చిన తీర్పు చదువరులకును ఉపయోగింపవచ్చునని యిచ్చట వ్రాయుచున్నాము. యంత్రమును అమ్మనక్కరలేదు. పబ్లిక్ పరీక్షలు ముగియువరకు బీరువాలో నుండవలెను. పిమ్మట ఆదివారమున రెండు గంటలు, ముందుగదిలో, పెద్దవారొకరు ప్రక్కన నుండగా. ఒక భాగము కథ చూచినగాని ఒక యెత్తు వేయరాదు. తల్లి కూడ కూర్చుండి చూడవలెను. ఆమెకు తెలియదని తలంచి బాలురును మగవారును వేరుగా కూర్చుండుట మాకు సమ్మతము గాదు. ఆ యింట సిపాయికి తల్లి యున్నదని మొదట చెప్పినది జపాను భాష వచ్చిన బావగారు కాదు, సంస్కృతాంగ్లములు చదివిన మేమును కాము.

ఈ సంవత్సరము తల్లిదండ్రుల సభలో మాట్లాడుమని మమ్ము మరల కోరిరి. ఒప్పుకొంటిమి. ఈ తడవ యంత్రమును వెంట తీసికొనిపోయి, మా మేనల్లుని చేతనే మొదటి యెత్తు వేయింప దలచితిమి.